కెనడా గోధుమ బోర్డు అమ్మకము: రైతులేమనిరి?

మొన్నటి వానకాలపు ధాన్యము కొనుగోలు ముగిసిన పిమ్మట, ఒక గ్రామ సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు మేము పోయియుంటిమి. విత్తనశుద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము పిలిచిరి. మా మాటలు ముగించి కూర్చుండగనే, వెనుక వరుసలోనుండి ఒక పెద్దరైతు లేచి, “అయ్యగారూ, విత్తనము మాట సరే. ఈ కొనుగోలు పని సర్కారు మానుకొని కంపెనీలకు ఒప్పగించునని పట్నములో అనుకొనుచున్నారట. అట్లయిన మాకు మేలా, కీడా?” అని యడిగెను. సభలో కొందఱు “మేలే, రూకలు వెంటనే చేతికి వచ్చును” అనిరి. కొందఱు “కొంప మునుగును” అనిరి. ఇరువురును బిగ్గరగనే యనిరి.

ఆ దినమున మేము జవాబు చెప్పలేదు. ఊహలమీద వాదించుటకంటె, ఇట్టి పని నిజముగా జరిగిన చోటును చూచి మాటలాడుట మంచిదని తోచినది. అట్టి చోటు కలదు. కెనడా దేశమున గోధుమ రైతుల పంటనంతయు కొని అమ్మిన సర్కారు బోర్డు ఒకటి డెబ్బదియేండ్లకు పైగా పనిచేసి, 2012 లో తన ఏకాధికారమును కోల్పోయి, 2015 లో కంపెనీల పాలయ్యెను. అచ్చటి రైతులు దీనినిగూర్చి ఒక్క మాటమీద లేరు. వారు ఎందుకు రెండుగా చీలిరో తెలిసికొన్నచో, మన పెద్దరైతు ప్రశ్నకు సగము జవాబు దొరకును.

కెనడా పడమటి భాగమున మానిటోబా, సస్కాచవాన్, ఆల్బర్టా అను మూడు రాష్ట్రములు కలవు. కనుచూపు మేర చెట్టులేని మైదానములు. ఏడాదికి ఒక్కటే పంట. మంచు కరగిన పిదప విత్తి, మరల మంచు పడకముందే కోయవలెను. వేయి ఎకరములు సేద్యము చేయువాడు అచ్చట గొప్ప భూస్వామి కాడు, సామాన్య సంసారి. రెండెకరముల మన రైతునకు ఈ మాట నవ్వు తెప్పింపవచ్చును. కాని వారి గింజ ఓడ యెక్కవలెనన్న వేయి, రెండువేల కిలోమీటర్లు రైలుమీద పోవలెను. కొనువాడొక్కడు, మోయువాడొక్కడు అయినచోట, వేయి ఎకరముల వాడును రెండెకరముల వాడును ఒకే తీరున చేతులు కట్టుకొని నిలువవలసినదే.

అచ్చటి రైలుస్టేషనుల ప్రక్కన ఎలివేటరులని పిలువబడు ఎత్తైన గాదెలుండును. రైతు బండిలో తెచ్చిన గింజను యంత్రము పైకెత్తి గాదెలో పోయును. వాగను వచ్చినపుడు క్రింది తూమునుండి దానిలోనికి వదలుదురు. నూరు సంవత్సరముల క్రిందట ఈ గాదెలు చాలవరకు ధాన్యపు కంపెనీలవి. తూనిక వారిది, తరుగు వారిది, “ఇది మొదటి రకము కాదు, మూడవ రకము” అను మాటయు వారిదే. గాదెలో పోయను, నేనే వాగను నింపుకొందునని రైతు అన్నచో, రైలుకంపెనీ వాగనులను ముందుగా గాదెల వారికే యిచ్చెడిది. దీనిపై రైతులు సంఘము కట్టి, 1902 లో సింటలూటా అను స్టేషనునందలి రైలు ఉద్యోగిపై వ్యాజ్యము వేసిరి. వాగనులను వరుసక్రమమున ఈయవలెనను చట్టమును అతడు మీరెనని జరిమానా పడెను; పై కోర్టునందును ఆ తీర్పే నిలిచెను. అప్పటినుండి అచ్చటి రైతునకు “వాగను” అను మాట, మనకు కాలువ నీరు అను మాట వంటిది. వంతు తప్పినచో తగవే.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసినపుడు సర్కారు 1919 పంటనంతయు ఒక బోర్డుచేత కొనిపించి అమ్మించెను. రైతునకు ముందుగా బుషెలునకు 2 డాలర్ల 15 సెంట్లు ఇచ్చి, అమ్మకము తేలిన పిదప మరి 48 సెంట్లు చేర్చి యిచ్చిరి. బుషెలనగా గోధుమలో సుమారు 27 కిలోలు. ఆ ధర రైతుల మనసులలో నాటుకొనిపోయెను. మరుసటి యేడే బోర్డును ఎత్తివేసిరి, ధరలు పడిపోయెను. బోర్డు మరల కావలెనని మొరపెట్టిరి గాని సర్కారు వినలేదు. అప్పుడు రైతులు మనవలెనే సహకారమును ఆశ్రయించిరి. ఆల్బర్టాలో 1923 లోను, తక్కిన రెండు రాష్ట్రములలో 1924 లోను గోధుమ అమ్మకపు సహకార సంఘములు వెలసెను. సభ్యుడు అయిదేండ్లపాటు తన గోధుమనంతయు సంఘమునకే యిచ్చెదనని కాగితము వ్రాసి చేవ్రాలు చేయవలెను. కొలది కాలములోనే ఆ ప్రాంతపు పంటలో సగమునకు పైగా ఈ సంఘముల చేతిమీదుగా పోవుచుండెను.

సహకార సభ్యులు తరువాతి సంగతిని శ్రద్ధగా చదువ గోరెదము. 1929 పంటకు ఆ సంఘములు బుషెలునకు ఒక డాలరు ముందస్తుగా చెల్లించినవి. ఆ సంవత్సరాంతమున ప్రపంచపు విపణులు కూలిపోయెను. రైతునకు ఇచ్చివేసిన సొమ్ముకంటె గింజ ధర తక్కువయ్యెను. 1932 డిసెంబరునాటికి మేలురకపు గోధుమ విన్నిపెగ్ బజారులో 40 సెంట్లకును దిగిపోయెను. బ్యాంకులకు రాష్ట్ర సర్కారులు పూచీపడి సంఘములను నిలువబెట్టినవి. ఆ బాకీని సంఘములు చాల ఏండ్లు తీర్చుకొనవలసి వచ్చినది. సభ్యులు చేసిన తప్పేమియు లేదు. సంఘము పెట్టుబడికి మించిన దెబ్బను సంఘము ఓర్వలేకపోయినది, అంతే. రైతులే సర్కారును “నీవు వచ్చి నిలువుము” అని పిలిచిన దిట్టి స్థితిలోనే. 1935 లో కెనడా గోధుమ బోర్డు చట్టము వచ్చెను. మొదట ఇష్టమున్నవారే దానికి అమ్మిరి. 1943 లో, యుద్ధకాలమున, గోధుమ అందఱును బోర్డుకే అమ్మవలెనని శాసించిరి. 1949 లో ఓట్సును, బార్లీని చేర్చిరి. ఓట్సును 1989 లో మరల విడిచిపెట్టిరి.

ఈ బోర్డు మన ధాన్యము కొనుగోలు కేంద్రము వంటిదని తలచినచో పొరపాటు. మన సర్కారు ముందుగా ఒక మద్దతు ధర చెప్పి, ఆ ధరకు కొనును. అంతటితో రైతు లెక్క ముగియును. కెనడా బోర్డు అట్లు కాదు. పంటకాలపు మొదట, రాబోవు ధరను అంచనావేసి దానిలో ముక్కాలు భాగము వంటి మొత్తమును తొలి చెల్లింపుగా ప్రకటించెడిది. రైతు గాదెలో గింజ పోసిననాడు ఆ సొమ్ము ముట్టును. బోర్డు ఆ గింజను ఏడాది పొడుగున డెబ్బదికి పైగా దేశములకు అమ్మి, వచ్చినదంతయు ఒకే ఉమ్మడి ఖాతాలో వేసి, ఖర్చులు తీసివేసి, మిగిలినది టన్నులలెక్కన రైతులందఱకు పంచెడిది. తుది చెల్లింపు మరుసటి శీతకాలమునకు గాని రాదు. ఒకే రకపు గింజను ఆశ్వయుజమున అమ్మినవానికిని, మాఘమున అమ్మినవానికిని రైలుకూలి పోగా ఒకటే ధర. తొలి చెల్లింపు మొత్తమునకు ఖాతాలో సొమ్ము చాలకున్న, ఆ లోటు సర్కారుది. లాభము వచ్చినచో బోర్డునకు దానిలో దమ్మిడీ లేదు.

ఇంకొక్క సంగతి. బోర్డునకు సొంత గాదెలు లేవు. గింజ నిలువచేయుటకు కంపెనీల గాదెలనో, సహకార సంఘముల గాదెలనో వాడుకొని కూలి యిచ్చెడిది. దాని ఆస్తియంతయు విన్నిపెగ్ నగరములోని కార్యాలయమును, తరువాతి కాలమున కొన్న సరకు వాగనులును, రెండు ఓడలును, అన్నిటికంటె మిన్నగా “పడమటి కెనడా గోధుమనంతయు మేమే అమ్ముదుము” అను చట్టపు మాటయును. చట్టము బలమున్నంతకాలము గాదె లేదను లోటు ఎవరికిని కనబడలేదు.

ఇక రైతుల అభిప్రాయములు. బోర్డు కావలెనన్నవారి వాదము మన సభ్యులకు సులువుగ బోధపడును. సుమారు డెబ్బదివేలమంది రైతులు విడివిడిగా పోయి నాలుగైదు గొప్ప కంపెనీలకు అమ్మినచో, వారిలో వారే పోటీపడి ధర తగ్గించుకొందురు. అందఱి గింజ ఒక్క చేతిలో నున్నచో కొనువాడే బ్రతిమాలవలెను. ధరలు ఏ వారము పెరుగునో ఏ వారము తగ్గునో కనిపెట్టు పని సేద్యగాని పని కాదు. రైలుకంపెనీతో ఒక్క రైతు తగవులాడలేడు. 1996–97 శీతకాలమున వాగనులు సమయమునకు రానపుడు బోర్డు రైలుకంపెనీలపై ఫిర్యాదు చేసి పరిహారము రాబట్టి రైతుల ఖాతాలో వేసెను. జాతీయ రైతుసంఘము ఈ పక్షమున గట్టిగా నిలిచెను.

వద్దన్నవారిని దళారుల పక్షమువారని త్రోసివేయుట న్యాయము కాదు. వారును పొలము దున్నిన రైతులే. అమెరికా సరిహద్దునకు పదిమైళ్లలో నున్న రైతు తన ట్రక్కు నెక్కి చూచిన, ఆవలి ఊరి గాదెవద్ద పలుకు ధర కొన్ని దినములలో తనకు బోర్డు ఇచ్చుదానికంటె ఎక్కువగ నుండెడిది. అచ్చట అమ్మవలెనన్న బోర్డు అనుమతి కావలెను. తన గింజను తాను బోర్డుకు అమ్మి, బోర్డు చెప్పిన ధరకు మరల తానే కొనుక్కొని, పిదప సరిహద్దు దాటింపవలెను. గింజ తన పొలమునుండి కదలనే కదలదు. కాగితముమీద రెండుమారులు చేతులు మారును. మంచి గింజ పండించి ఎండబెట్టి నిలువచేసినవానికిని, తొందరపడి తోలినవానికిని ఒకే రకమున ఒకే ధర యేమియని కొందఱు. తుది చెల్లింపునకై ఏడాదికి పైగా కాచుకొని, ఈలోగా బ్యాంకునకు వడ్డీ కట్టుట యేమియని అప్పులున్న పడుచు రైతులు. ఇదే దేశమున తూర్పున అంటేరియో రైతునకు లేని కట్టు మాకెందుకని అందఱును. ఈ తుది ప్రశ్నకు బోర్డు పక్షమువారు చెప్పిన జవాబులలో మాకు తృప్తి కలిగించినది యొకటియు లేదు.

కోపము హెచ్చి, 1996 ప్రాంతమున కొందఱు అనుమతిలేకయే గోధుమను ట్రక్కులలో సరిహద్దు దాటించిరి. కేసులు పడెను. జరిమానా కట్టుటకంటె చెరసాలయే మేలని 2002 లో ఆల్బర్టా రైతులు 13 మంది లెత్‌బ్రిడ్జి పట్టణమున జైలులోనికి నడచిరి. వారిలో నొకరు బోర్డు డైరెక్టరుగా రైతుల ఓట్లతో నెన్నికైనవారే. బోర్డును లోపలినుండి మార్పదలచి పోటీచేసి గెలిచినవారన్నమాట.

ఈ ఎన్నికలు 1998 నాటి సవరణ చట్టముతో వచ్చినవి. అదివరకు బోర్డును నడిపినవారు సర్కారు నియమించిన కమీషనర్లు. సవరణతో పదునైదుగురు డైరెక్టర్లలో పదిమందిని రైతులే యెన్నుకొనిరి. తక్కినవారిని సర్కారు నియమించెను. గోధుమను గాని బార్లీని గాని బోర్డు చేతినుండి తీసివేయదలచిన మంత్రి, ముందుగా బోర్డుతో ఆలోచించి, రైతుల ఓటు తీసికొనవలెనని కూడ ఆ చట్టమున వ్రాసిరి. ఆ తరువాతి ఎన్నికలలో పెక్కుమారులు బోర్డు పక్షమువారే యెక్కువమంది గెలిచిరి.

రైతుల మాటను కనుగొనుటకు పెట్టిన ఓట్లు చూడదగినవి. 1997 లో బార్లీని బోర్డుచేతనే యుంచవలెనా, పూర్తిగా విడిచిపెట్టవలెనా యని రెండే ప్రశ్నలు పెట్టిరి. నూటికి సుమారు 63 మంది బోర్డుచేతనే యుంచుమనిరి. పదేండ్ల పిమ్మట, 2007 లో, అదే బార్లీకి మూడు ప్రశ్నలు పెట్టిరి. బోర్డు ఒక్కటే అమ్మవలెనన్నవారు నూటికి 38 మంది. బోర్డును ఉండవలెను, బయట అమ్ముకొను స్వేచ్ఛయు ఉండవలెనన్నవారు 48 మంది. బోర్డు అక్కరయే లేదన్నవారు 14 మంది. సర్కారు తుది రెంటిని కూడి, నూటికి 62 మంది కట్టు తీసివేయుమనిరని చాటెను. కట్టు కొనసాగింపుమన్నవారు, బోర్డు బొత్తిగా వద్దన్నవారు 14 మందియే కదా యనిరి. ఇరువురి కూడికలును సరియే. ప్రశ్న వ్రాసినవాని చేతిలోనే సగము జవాబుండునని మన సంఘములలో తీర్మానములు వ్రాయు కార్యదర్శులు ఎఱుగనిది కాదు.

ఈ నడుమనున్న 48 మంది మాటయే ఈ కథకంతకును కీలకము. మన సంఘములలోను ఇదే మాట వినుచుందుము. బోర్డు ఉండవలెను, కాని నాకు తోచినపుడు బయట అమ్ముకొందును. వినుటకు న్యాయముగనే యుండును. కాని జరుగునదేమి? బయట ధర పెరిగినపుడు గింజ బయటికి పోవును. ధర పడిపోయినపుడు అందఱును గింజతో బోర్డు వాకిటికి వత్తురు. ధర పెరిగినపుడు సరకులేక, తగ్గినపుడు సరకు మోయలేక, ఉమ్మడి ఖాతా ఎన్నాళ్లు నిలుచును? సంఘము ద్వారా మిరప, పసుపు, పాలు అమ్మినవారికి దీనిని వివరింపనక్కరలేదు. బయటి వ్యాపారి కిలోకు రెండు రూపాయలు హెచ్చు ఇచ్చినవారమున సంఘపు తూనిక వద్ద ఈగలు ముసరుచుండును. అదియునుగాక, సొంత గాదె లేని బోర్డు, పోటీదారుల గాదెలలోనే తన గింజను దింపుకొనవలెను. పోటీదారుడు తన గింజనుంచి దీని గింజను ముందుగ పంపునా? బోర్డు పెద్దలు ఈ మాటను పదేపదే చెప్పిరి. వినినవారు విన్నారు.

2011 మే నెలలో బోర్డు కట్టును తీసివేయుదుమన్న పక్షము పార్లమెంటున పూర్తి మెజారిటీతో గెలిచెను. మంత్రి ఓటు పెట్టలేదు. ఎన్నికలే రైతుల ఓటు అని యాయన వాదము. అప్పుడు బోర్డే తపాలాద్వారా ఓటు తీసికొనెను. సుమారు 38,000 మంది రైతులు చీటీలు పంపిరి. గోధుమ విషయమున నూటికి 62 మంది, బార్లీ విషయమున 51 మంది బోర్డు ఒక్కటే అమ్మవలెననిరి. ఆ ఓటు తమ్ము కట్టివేయదని సర్కారు చెప్పెను. ఆ యేడు డిసెంబరు 7 న ఫెడరల్ కోర్టు, రైతుల ఓటు లేకుండ బిల్లు తెచ్చుట 1998 నాటి చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. బిల్లు ఆగలేదు; ఎనిమిది దినములకే చట్టమయ్యెను. 2012 లో పై కోర్టు, నిన్నటి పార్లమెంటు నేటి పార్లమెంటు చేతులు కట్టజాలదని క్రింది తీర్పును కొట్టివేసెను. న్యాయశాస్త్రము ప్రకారము ఆ మాట సరియే కావచ్చును. “మిమ్మడుగక మార్పము” అని చట్టములో వ్రాసియున్నదని నమ్మి నిద్రపోయిన రైతు ఏమి నేర్చుకొనెనో వేరుగ చెప్పనక్కరలేదు.

2012 ఆగష్టు 1 న కట్టు తొలగెను. ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ సస్కాచవాన్ లోని కిండర్స్లీ అను ఊరికి పోయి, మునుపు సరిహద్దు దాటించి శిక్షపడిన రైతులకు క్షమాపత్రములు ఇత్తుమని ప్రకటించెను. ఆ సభలో చప్పట్లు కొట్టినవారును రైతులే. ఆ దినమున ఇంట కూర్చుండి దుఃఖించినవారును రైతులే.

మొదటి యేడు అందఱకును బాగుగనే గడచినది. 2012 లో అమెరికాలో గొప్ప అనావృష్టి సంభవించి ధరలు పెరిగియుండెను. “చూచితిరా” అని కట్టు వద్దన్నవారు అనిరి. 2013 లో పడమటి కెనడాలో మునుపెన్నడు నెఱుగని పంట పండెను. గాదెలు నిండెను, శీతము హెచ్చెను, వాగనులు రాలేదు. రేవులో ఓడలు గింజకై కాచుకొనియుండగా, పల్లెలో గింజ కొనువాడులేక గుట్టలుగా పడియుండెను. రేవు ధరకును పల్లె ధరకును నడుమ ఎన్నడులేని వ్యత్యాసము ఏర్పడి, ఆ వ్యత్యాసము గాదెల యజమానులకు దక్కెను. 2014 మార్చిలో సర్కారే ఉత్తరువు చేసి, రెండు రైలుకంపెనీలును వారమునకు చెరి 5 లక్షల టన్నులు మోయవలెనని నిర్బంధింపవలసి వచ్చెను. బోర్డుండినచో ఇట్లు జరిగెడిది కాదని కొందఱు. అంత పంటను ఏ బోర్డు మోయింపగలదని కొందఱు. మా మట్టుకు మాకు, వాగనుల కొఱతకు బోర్డు లేకపోవుటయే కారణమని తోచదు. కాని కొఱత వచ్చినపుడు దాని లాభము ఎవరి ఖాతాలో పడునన్నది మాత్రము బోర్డు ఉండుట, లేకపోవుటలమీద ఆధారపడియుండెను. బోర్డు కాలమున రేవు ధర ఉమ్మడి ఖాతాకు వచ్చెడిది.

ఉత్తరమున హడ్సన్ అఖాతముపైనున్న చర్చిల్ రేవుకు గోధుమను పంపినది చాలవరకు బోర్డే. బోర్డు పోయిన నాలుగేండ్లకు, 2016 లో, రేవు మూతపడెను. 2017 లో వరదలకు రైలుబాట కొట్టుకొనిపోయెను. రేవును, రైలుబాటను ఆ ప్రాంతపు ప్రజల కూటమి పాలుపొందిన సంస్థ 2018 లో కొని మరల నడుపనారంభించెను.

కట్టు పోయిన బోర్డు మూడేండ్లు ఐచ్ఛికముగా వ్యాపారము చేసెను. గాదెలు లేవని తెలిసి కొన్నిటిని కట్టబూనెను, కొన్నిటిని కొనెను. అమ్మకమునకు పెట్టినపుడు రైతుల కూటమి యొకటి తామే కొందుమని ముందుకు వచ్చెను. దాని ప్రతిపాదన అంగీకరింపబడలేదు. 2015 లో బంగీ అను బహుళదేశ కంపెనీయు, సౌదీ అరేబియా సర్కారు పెట్టుబడి సంస్థయు కలిసి స్థాపించిన జి3 అను కంపెనీ 25 కోట్ల డాలర్ల పెట్టుబడితో నూటికి 50.1 వంతులు పొందెను. తక్కిన భాగమును రైతుల పేర ఒక ట్రస్టులో నుంచి, బోర్డుకు గింజ తోలిన రైతునకు టన్నునకు 5 డాలర్ల చొప్పున వాటా వ్రాసిరి. కొందఱు రైతులు ఆ వాటాను సంతోషముతో పుచ్చుకొనిరి. డెబ్బదేండ్లు మా ఖర్చుతో నడచిన సంస్థలో మాకే వాటా దానమిచ్చుచున్నారా యని కొందఱు మండిపడిరి.

నేడు ఆ కంపెనీ రైలు ఆగకుండనే నిండునట్టి గొప్ప గాదెలను కట్టినది. వాంకూవర్ రేవున క్రొత్త గిడ్డంగి తెరచినది. ట్రక్కు వేగముగ ఖాళీ యగునని, కొనువాడు మఱియొకడు వచ్చెనని మెచ్చుకొను రైతులు కలరు. ఇప్పుడు సేద్యము చేయుచున్న పడుచువారిలో బోర్డుకు ఒక్క టన్ను కూడ అమ్మనివారు ఎందఱో. బోర్డు మరల కావలెనను కేక నేడు సన్నగిల్లినది. కాని మఱియొక ఫిర్యాదు హెచ్చినది: రేవులో ఏ ధరకు అమ్ముడుపోయినదో రైతునకు తెలియుట లేదని. బోర్డు ఏటేట లెక్కలచ్చువేసి రైతులకు చూపెడిది. కంపెనీ లెక్క కంపెనీకే తెలియును.

1923–24 నాటి మూడు సహకార సంఘముల గతి కూడ చెప్పవలెను. గాదెలున్నవి వారికే కదా. అవి పెద్దవయ్యెను, పెట్టుబడికై వాటాలను బజారున పెట్టెను, ఒకదానిలో నొకటి కలిసెను, తుదకు వైటెరా యను పేరుతో ఒకటే కంపెనీ యయ్యెను. 2012 లో దానిని గ్లెన్‌కోర్ కొనెను. 2025 లో అది బంగీలో కలిసెను. గోధుమ బోర్డును పొందిన కూటమిలోని బంగీయే ఇది. ఈ కలయికకు అనుమతినిచ్చుచు కెనడా సర్కారు, పడమటి కెనడాలో ఆరు గాదెలను అమ్మివేయవలెనని బంగీకి షరతు పెట్టెను.

ఇక మన పెద్దరైతు ప్రశ్న. మన దేశపు ఆహార సంస్థ 1965 లో వెలసినది. మన రెండు రాష్ట్రములలోను పల్లెలలో ధాన్యము కొనునది చాలవరకు రాష్ట్ర పౌరసరఫరాల సంస్థల తరపున మన సహకార సంఘములును, స్త్రీల పొదుపు సంఘములును. శాంతకుమార్ సంఘము 2015 జనవరిలో ఇచ్చిన నివేదికలో, ఆంధ్రప్రదేశ్ మొదలగు కొన్ని రాష్ట్రములలో కొనుగోలు పనిని ఆహార సంస్థ రాష్ట్ర సర్కారులకే విడిచిపెట్టవలెనని సూచించెను. అది ప్రైవేటుపరము చేయుట కాదు. మనకు ఎవరికి అమ్మవలెనను నిర్బంధమును లేదు. మిల్లువాడు ఎక్కువ ఇచ్చినచో వానికే పోయవచ్చును. కనుక సరిహద్దు రైతు కోపము మనకు వర్తింపదు. మనకు వర్తించునది నడుమ 48 మంది మాటయు, సొంత గాదె మాటయు. సర్కారు కొనుగోలునుండి తప్పుకొన్న దినమున, తడిసిన ధాన్యమును పదునైదు దినములు దాచి ఎండబెట్టి అమ్ముకొను చోటు సంఘమునకు ఉన్నచో కంపెనీతో బేరమాడవచ్చును. లేనిచో కల్లములోనే అమ్మవలెను.

ఈ సంగతులన్నియు మొన్న ఆ గ్రామమునకు మరల పోయి చెప్పితిమి. పెద్దరైతు చివరవరకు విని, కెనడా మాట విడిచి, కార్యదర్శివైపు తిరిగి, “మన గోదాము స్థలము కాగితము ఎవరి పేర నున్నదయ్యా?” అని యడిగెను. కార్యదర్శి బీరువా తెరచి చూచెను. గోదాము సంఘము కట్టినదే. స్థలము మాత్రము కవులుకు తీసికొన్నది. గడువు వచ్చు మార్చితో ముగియును. మరుసటి సమావేశమునకు స్థలపు యజమానిని పిలిపింపవలెనని అప్పుడే తీర్మానము వ్రాసిరి.